లిఫ్టర్ లేని వేళ స్మాష్ సాధన

వాలీబాల్‌లో స్మాష్ కొట్టేవాడు ఇంకొకరి చేతి మీద ఆధారపడక తప్పదు. నిబంధనే అలా ఉంది. బ్లాక్ చేసిన తర్వాత తప్ప, ఒకే ఆటగాడు వరసగా రెండుసార్లు బంతిని తాకకూడదు. ఎంత మొనగాడైనా తన బంతిని తానే లేపుకొని తానే బాదితే అది తప్పు కిందికే వస్తుంది. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ ఈ ఆటను మొదలుపెట్టినప్పుడు బంతిని అటూ ఇటూ తోసుకోవడమే ఎక్కువ. ఒకరు ఎత్తుగా లేపితే ఇంకొకరు ఎగిరి కిందికి బాదే పద్ధతి 1916 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లో పుట్టింది. అప్పటినుంచి స్మాష్ ఇద్దరి పని.

ఆ రెండోవాడు, అంటే బంతిని లేపే లిఫ్టర్ (సెట్టర్), అన్ని వేళలా దొరకడు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ మైదానాల్లోనైనా, చంద్రగిరి, పాకాల పక్క పల్లెల కోర్టుల్లోనైనా సాయంత్రమైతే రెండు జట్లకు సరిపడా జనం చేరతారు. తెల్లవారుజామున మాత్రం ఒక్కడే మిగులుతాడు. సంక్రాంతి పోటీలకు తయారయ్యే కుర్రాడు, యూనివర్సిటీ జట్టు ఎంపికలకు సిద్ధమయ్యే హాస్టల్ అమ్మాయి, స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ సాధన చేసేది ఆ ఒంటరి వేళల్లోనే. వాలీబాల్ గురువులకు తెలుగునేల గొడ్డుపోలేదు. ఎ. రమణారావుకు 1990లో, ఎం. శ్యామ్‌సుందర్ రావుకు 1995లో ద్రోణాచార్య అవార్డులు వచ్చాయి. అయినా ఏ గురువూ శిష్యుడి పక్కన రోజంతా నిలబడలేడు. ఆ ఖాళీని పూరించడానికే ఒంటరి సాధన పరికరాలు పుట్టాయి: వేలాడదీసిన బంతి, బంతిని పట్టుకునే స్టాండు, రబ్బరు తాడు, గోడ, బంతులు విసిరే మెషిన్. వీటిలో ఏది కొనాలని అడిగేవాళ్ళకు నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది. ప్రతి పరికరమూ అసలు ఆటలో కదిలే దేన్నో ఒకదాన్ని ఆపేస్తుంది. ఆపడం వల్లే మిగతా భాగం నేర్చుకోవడం తేలికవుతుంది. ఏది ఆగిపోయిందో గుర్తుంచుకుని, తర్వాత దాన్ని మళ్ళీ కదిలించకపోతే ఆ సాధన మైదానంలో అక్కరకు రాదు.

గాల్లో ఉండేది ఎంతసేపు?

ముందు స్మాష్‌లో కదిలేవి ఏమిటో చూద్దాం. 60 సెంటీమీటర్లు ఎగిరినవాడు నేలను వదిలి మళ్ళీ నేలను తాకడానికి పట్టే కాలం సుమారు 0.70 సెకను. ఇందులో ఒక విశేషం ఉంది. పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి, ఎగిరిన ఎత్తులో పైనున్న పావు భాగంలోనే సగం కాలం గడుస్తుంది. అంటే చివరి 15 సెంటీమీటర్ల లోపలే మనిషి 0.35 సెకను ఉంటాడు. మంచి ఆటగాడు గాల్లో ఒక్క క్షణం నిలబడిపోయినట్టు మనకు కనిపించేది ఇందుకే. కొట్టాల్సింది కూడా ఆ కాస్త వ్యవధిలోనే.

ఎందుకంత పట్టింపు? పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలకు 2.24. బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, కాబట్టి దాని వ్యాసార్ధం పదిన్నర సెంటీమీటర్లు. పురుషుల నెట్‌ను రాసుకోకుండా దాటాలంటే బంతి మధ్యభాగం 2.54 మీటర్ల ఎత్తులో పోవాలి. నెట్‌కు అర మీటరు దూరంలో, 2.70 మీటర్ల ఎత్తున కొట్టాడనుకుందాం. నెట్‌ను దాటే అతి వాలు గీత వెంట పోయినా ఆ బంతి అవతలి కోర్టులో ఏడున్నర మీటర్ల దూరాన గానీ నేలను తాకదు. అక్కడ వెనక వరస ఆటగాళ్ళు కాచుకుని ఉంటారు. అదే బంతిని 2.80 దగ్గర కొడితే 4.7 మీటర్లలో పడుతుంది. 3 మీటర్ల దగ్గర కొట్టగలిగితే మూడు మీటర్ల గీతకు ఇవతలే పడుతుంది. గురుత్వం, బంతి తిరుగుడు పక్కనపెట్టి వేసిన లెక్కే ఇది. అయినా పది సెంటీమీటర్ల తేడా దాదాపు మూడు మీటర్ల నేలను మార్చేస్తోంది.

మోచేయి వంగిపోయి, బంతి నెత్తి మీదికి వచ్చాక కొట్టేవాడు పోగొట్టుకునేది సరిగ్గా ఆ పది సెంటీమీటర్లనే. మా పక్క పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) సార్లు కోర్టు పక్కన నిలబడి అరిచే మాట కూడా ఇదే: "యాడికిరా తొందర? బంతి కిందికి దూరద్దు. ఎనకనే ఉండి ఎగరల్ల, చెయ్యి పైకి పోవల్ల!"

వేపకొమ్మకు వేలాడే బంతి

అన్నిటికంటే పాతదీ, చవకైనదీ వేలాడే బంతి. ఎర్రగడ్డలు వచ్చే నైలాన్ వల సంచిలో పాత బంతిని పెట్టి, మూతి బిగించి, తాడుతో బలమైన వేపకొమ్మకో చింతకొమ్మకో కడతారు. కట్టే ఎత్తు అంచనాతో తేల్చకూడదు. గోడ పక్కన నిలబడి చెయ్యి నిటారుగా చాచి వేళ్ళ కొస దగ్గర ఒక గీత గీసుకోవాలి. పరుగెత్తి ఎగిరి సుద్దముక్కతో ఇంకో గీత గీయాలి. పై గీతకు పది, పదిహేను సెంటీమీటర్లు తక్కువలో బంతి మధ్యభాగం ఉండాలి. నిలబడి 2.28 అందుకునేవాడు 60 ఎగిరితే 2.88 తాకుతాడు. అతనికి బంతి 2.75 దగ్గర వేలాడాలి. కొమ్మకు బంతికి మధ్య తాడు ఎంత ఉంటే అంత ఊగుతుంది. రెండు మీటర్ల తాడు ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది, పూర్తిగా నిలవడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అందుకని బంతి కింద నుంచి ఒక పాత సైకిల్ ట్యూబు ముక్కను నేలలో దిగ్గొట్టిన మేకుకు కడితే త్వరగా చోటికి వచ్చి కుదురుకుంటుంది.

ఆ ట్యూబును బిర్రుగా కట్టకూడదు. చెయ్యి బంతిని తాకి ఉండేది సెకనులో వందో వంతు మాత్రమే. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయేలా కొడితే ఆ వందో వంతులోనే బంతి పన్నెండు సెంటీమీటర్లు కదులుతుంది. 270 గ్రాముల బంతికి అంత తక్కువ కాలంలో అంత వేగం ఇవ్వాలంటే చేతి మీద సగటున 70 కిలోల బరువుతో సమానమైన బలం పడుతుంది. కట్టు ఆ పన్నెండు సెంటీమీటర్లయినా వదులివ్వకపోతే ఆ పైన తాడు లాగుడు కూడా భుజం మీదికే వస్తుంది. బంతిలో ఇసుకో గుడ్డలో కూరి బరువు పెంచి కొట్టడం కొన్నిచోట్ల బలానికి మంచిదని నమ్ముతారు. దయచేసి ఆ పని చేయకండి. భుజం కీలు లోతు తక్కువ గిన్నెలో కూర్చున్న ఎముక. దాన్ని చోటు కదలకుండా పట్టుకునేవి చిన్న చిన్న కండరాలు. అగ్రశ్రేణి వాలీబాల్ ఆటగాళ్ళ భుజం వెనక భాగంలో ఒక చిన్న కండరం నరం ఒత్తిడి వల్ల సన్నబడిపోవడం వైద్యులు బాగా ఎరిగిన సంగతే. సరైన బరువున్న బంతితోనే అంత జరుగుతుంది.

ఇంతకీ వేలాడే బంతి ఆపేసేది దేన్ని? కాలాన్ని. బంతి ఎప్పుడు వస్తుందన్న ప్రశ్న అక్కడ లేదు, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కాబట్టి అడుగుల క్రమం మీదా చేతి ఎత్తు మీదా పూర్తిగా మనసు పెట్టవచ్చు. కుడిచేత్తో కొట్టేవాళ్ళకు చివరి మూడడుగులు ఎడమ, కుడి, ఎడమ. మొదటిది చిన్నది, రెండోది పొడుగ్గా మడమ మీద పడేది, మూడోది గబుక్కున ముందుకు తెచ్చి ఆపేది. పరుగు వేగాన్ని పైకి మళ్ళించేది ఆ చివరి రెండడుగులే. రెండు చేతులనూ వెనక్కి పూర్తిగా చాచి ఒక్కసారిగా పైకి ఊపడం వల్ల ఎగిరే ఎత్తులో పదో వంతు దాకా కలిసొస్తుంది. చేతులు వెనక్కి పోకుండా ఎగిరే కుర్రాళ్ళు ఈ లాభాన్ని ఉత్తపుణ్యానికి వదులుకుంటున్నారు.

తాడు బంతికి ఇంకో లోపం కూడా ఉంది. అది తిరగలేదు, ఎగిరిపోలేదు. కొట్టింది ఎక్కడ పడేదో, నెట్‌ను దాటేదో లేదో తెలియదు. స్టాండు వచ్చింది ఈ లోపాన్ని తీర్చడానికే. ఎత్తు మార్చుకునే ఇనుప గొట్టం, దాని కొసన ముందుకు చాచిన చెయ్యి, ఆ చేతికి బంతిని మెత్తగా ఒడిసిపట్టే పట్టీలు. కొట్టగానే బంతి జారి నిజమైన దారిలో పోతుంది. ఎక్కడ పడిందో కంటికి కనిపిస్తుంది. బయట అమ్మేవాటికి ఎక్కువ ఖర్చవుతుంది కానీ కొలతలు రాసిస్తే మామూలు వెల్డింగ్ షాపులో కూడా చేయించుకోవచ్చు. చాచిన చెయ్యి పొడుగ్గా ఉండాలి, ఎగిరినవాడి చెయ్యి గొట్టానికి తగలకూడదు. అడుగున బరువు చాలినంత లేకపోతే స్టాండు మీదికి వచ్చి పడుతుంది. ఈ రెండూ చూసుకున్నాకే మిగతావి.

గోడ నేర్పేది వేరు

గోడ దగ్గర సాధనను పిల్లల ఆటగా చూడటం పొరపాటు. గోడకు మూడు, నాలుగు మీటర్ల దూరంలో నిలబడి, గోడకు మీటరు ఇవతల నేల మీద పడేలా బంతిని కొడితే అది నేలను తాకి గోడకు తగిలి ఎత్తుగా వెనక్కి వస్తుంది. దాన్నే మళ్ళీ కొట్టాలి. ఇక్కడ ఆగిపోయేవి అడుగులు, ఎగరడం. మిగిలేది చెయ్యి. మామిడికాయకు రాయి విసిరేటప్పుడు మోచేయి దానంతటదే భుజం కంటే పైకి లేస్తుంది, నడుము ముందు తిరుగుతుంది, చెయ్యి చివర్లో వస్తుంది. స్మాష్ ఊపు కూడా అదే వరస. నడుము నుంచి ఛాతీకి, భుజానికి, మోచేతికి, మణికట్టుకు వేగం ఒకదాని నుంచి ఒకదానికి అందుతూ పెరుగుతుంది. బ్యాడ్మింటన్ స్మాష్‌లోనూ శరీరం వాడేది ఈ వరసనే.

మణికట్టు బంతి పైభాగం మీదుగా వంగితే బంతి ముందుకు గిరగిరా తిరుగుతుంది. అలా తిరిగే బంతి తన వెనక గాలిని పైకి మళ్ళిస్తుంది, దానికి ప్రతిగా గాలి దాన్ని కిందికి నెడుతుంది. నెట్ దాటాక బంతి చటుక్కున దిగిపోవడానికి కారణం ఇదే. సాధన బంతి మీద నడుము చుట్టూ ఒక నల్లటి గీత గీసి చూడండి. గీత నిలకడగా ముందుకు తిరిగితే చెయ్యి సరిగా పడింది. గీత అటూ ఇటూ తూలితే అరచెయ్యి పక్కకు తగిలింది.

అయితే గోడ దగ్గర మన పాదాలు నేల మీద ఉంటాయి. నడుమును ఎంత జోరుగా తిప్పినా నేల మనల్ని పట్టుకుంటుంది. గాల్లో ఆ ఆధారం లేదు. పైభాగం ముందుకు వంగితే కాళ్ళు కూడా ముందుకు రావాల్సిందే. కుడి చెయ్యి ముందుకు దూకితే ఎడమ చెయ్యి కిందికి లాక్కోవాల్సిందే. శరీరం మొత్తంలోని భ్రమణం గాల్లో మారదు కాబట్టి ఒక భాగం తిరిగితే ఇంకో భాగం దానికి సరితూగాలి. గోడ దగ్గర మొనగాడు నెట్ దగ్గర తేలిపోతుంటే కారణం చేతిలో వెతకకండి. ఎడమ చెయ్యి ఏం చేస్తోందో చూడండి.

నడుముకు బెల్టు కట్టుకుని, దానికి రబ్బరు తాడుతో బంతిని తగిలించుకునే సామగ్రి కూడా బజార్లో దొరుకుతుంది. చోటు లేని మిద్దె మీద బంతి కింద పడిపోకుండా పనికొస్తుంది, అంతవరకే. సాగిన రబ్బరు దాచుకున్న శక్తిలో చాలా భాగాన్ని బంతికి తిరిగిస్తుంది. వచ్చే బంతి మొహానికి తగలవచ్చు. చిన్నపిల్లలకు నేనైతే ఇవ్వను.

కదిలే బంతి

కాలాన్ని మళ్ళీ ఆటలోకి తేవడానికి ఖర్చు అక్కర్లేదు. సొంతంగా లేపుకున్న బంతి చాలు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి అయిదు మీటర్ల దాకా లేచి, 2.80 దాకా దిగడానికి సుమారు 1.45 సెకను పడుతుంది. మూడడుగులు వేసి ఎగరడానికి ఆ వ్యవధి సరిపోతుంది. చేతికి అందే చోట బంతి సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో దిగుతూ ఉంటుంది. సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైతే 33 సెంటీమీటర్లు జారిపోతుంది. పది సెంటీమీటర్లకు మూడు మీటర్ల నేల మారుతుందని ఇందాక చూశాం, ఇక లెక్క మీరే వేసుకోండి. ఆట నియమాల ప్రకారం చెల్లని ఈ పనే ఒంటరి సాధనల్లోకెల్లా విలువైనదని నా అభిప్రాయం. బంతి కదులుతోంది, కన్ను దాన్ని వెంబడిస్తోంది, కాళ్ళు కంటి మాట వింటున్నాయి. స్టాండు దగ్గర ఈ మూడింటి పొందిక ఏర్పడదు.

ఒక్క చిక్కు, మనం లేపుకున్న బంతి మనకు తెలిసిన బంతి. ఒకే ఎత్తుకు, ఒకే చోటికి లేపుకుంటూ పోతే ఆ ఒక్కదానికే చెయ్యి అలవాటు పడుతుంది. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగం ఈ సంగతిలో ఇప్పటికీ దారి చూపిస్తుంది. ఒకే పనిని వరసగా చేసి ఆ తర్వాత ఇంకోదానికి పోయినవాళ్ళు సాధన వేళ బాగా చేశారు. పనులను కలగాపులగంగా చేసినవాళ్ళు సాధనలో తడబడినా తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా నిలిచారు. కాబట్టి ఒకటి ఎత్తుగా, ఒకటి తక్కువగా, ఒకటి నెట్‌కు దగ్గరగా, ఒకటి వెనక్కి లేపుకోవాలి. తప్పులు ఎక్కువవుతాయి. కావనివ్వండి.

బంతులు విసిరే మెషిన్లు చేసేదీ ఇదే, ఇంకాస్త సెట్టర్ చేతికి దగ్గరగా. బంతి పక్క నుంచి వస్తుంది కాబట్టి కన్ను నిజమైన లిఫ్టును చూసినట్టే చూస్తుంది. కానీ మెషిన్‌కు భుజాలు ఉండవు, చూపు ఉండదు. సెట్టర్ ఒంటి తీరును బట్టి బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టడం దాని దగ్గర నేర్చుకోలేం. ఇక అవతలి బ్లాక్ సంగతి. 2017లో జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ దేశపు వాలీబాల్ సంఘంతో కలిసి నెట్ వెంబడి పట్టాల మీద పరుగెత్తే రోబో చేతులు తయారుచేశారు. సెకనుకు 3.7 మీటర్ల వేగంతో జరిగి బంతిని అడ్డుకునే ఆ చేతులతో జపాన్ మహిళల జట్టు సాధన చేసింది. మనకు ఆ రోబో రాకపోవచ్చు. నెట్ అవతల రెండు వెదురు బొంగుల మధ్య నెట్ పైన అరచెయ్యి ఎత్తు మెత్తటి స్పాంజి షీటు కట్టి, అప్పుడప్పుడూ జరుపుతూ పోతే ఖాళీ ఎటుందో చూసి కొట్టే అలవాటు మొదలవుతుంది.

జేబులోనే ఉన్న పరికరం మొబైల్ ఫోను. మామూలు వీడియోలో సెకనుకు 30 చిత్రాలు. గంటకు 90 కిలోమీటర్ల బంతి ఒక చిత్రానికీ ఇంకో చిత్రానికీ మధ్య 80 సెంటీమీటర్లు పైనే పోతుంది, చెయ్యి తగిలిన క్షణం చాలాసార్లు కనిపించదు. స్లో మోషన్‌లో సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోనైతే ఆ దూరం పదిన్నర సెంటీమీటర్లకు తగ్గుతుంది. అది బంతి వెడల్పులో సరిగ్గా సగం. అంటే ఫోనును పక్క నుంచి పెట్టి తీసిన వీడియోలో బంతి చిత్రానికి తన సగం వెడల్పు చొప్పున జరుగుతుంటే మీ స్మాష్ వేగం గంటకు 90. మొత్తం వెడల్పు జరిగితే 180 అవుతుంది, అంత వేగం ప్రపంచంలో ఎవరికీ లేదు. ఫోను ఏటవాలుగా పెట్టారనో, స్లో మోషన్ 240 కాదనో అప్పుడు అర్థం. వేగం కంటే ముందు చూసుకోవాల్సింది చెయ్యి తగిలిన ఎత్తు. ఎగిరిన ఎత్తు పై కొసకు ముందు కొట్టారా, దిగుతూ కొట్టారా అన్నది ఒక్కో చిత్రాన్నీ జరిపి చూస్తే తేలిపోతుంది.

మన ఎండ గురించి కూడా చెప్పాలి. నిబంధన ప్రకారం బంతిలో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోల మధ్య ఉండాలి. పొద్దున 25 డిగ్రీల వేళ 0.31 నింపిన బంతిని మే నెల ఎండలో గట్టు మీద వదిలేస్తే, లోపలి గాలి 45 డిగ్రీలకు చేరేసరికి ఒత్తిడి 0.40కి పోతుంది. దాదాపు మూడో వంతు పెరిగింది. చేతికి రాయిలా తగులుతుంది, గోడ నుంచి తిరిగొచ్చే తీరు మారిపోతుంది, రోజంతా కొడితే భుజం చెబుతుంది. బంతిని నీడలో పెట్టడం, పంపుతో పాటు చిన్న ప్రెషర్ గేజ్ దగ్గరుంచుకోవడం ఏ స్టాండు కంటే ముందు కావాల్సిన సామాను.

చివరగా మోకాళ్ళు. ఆరుగురి ఆటలో స్మాష్ కొట్టే అవకాశం ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది, మధ్యలో కాళ్ళకు విరామం దొరుకుతుంది. వేలాడే బంతి ముందు ఆ విరామం లేదు. బంతి ఎప్పుడూ సిద్ధమే. నార్వేలో అగ్రశ్రేణి క్రీడాకారులను పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో వాలీబాల్ ఆటగాళ్ళలో నూటికి 45 మందికి మోకాలి చిప్ప కింది స్నాయువు నొప్పి అప్పటికి ఉందని తేలింది. మిద్దె సిమెంటు మీద ఎగిరేవాళ్ళకు ముప్పు ఇంకా ఎక్కువ. ఎర్రమట్టి కోర్టు, నీళ్ళు చల్లి చదును చేసినది, దానికంటే ఎంతో మేలు. రెండు కాళ్ళ మీద, మోకాళ్ళు వంచి దిగాలి. ఎన్నిసార్లు ఎగిరారో లెక్కపెట్టుకుని పుస్తకంలో రాసుకోవాలి. ఆ సంఖ్యను వారానికి కొంచెం కొంచెంగానే పెంచాలి. ఎగిరే సాధన రోజు తర్వాతి రోజు గోడ దగ్గర చేతిపని మాత్రమే పెట్టుకోవాలి. చిప్ప కింద వేలితో నొక్కితే నొప్పి తెలిసిన రోజున ఎగరకండి, నొప్పి మరుసటి వారానికీ తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.